ముందు వరసలో టిష్యూ ప్యాకెట్లు

సింగపూర్‌లోని క్లెమెంటిలో నేను అద్దెకున్న గదిలో ఒక మంచం, ఒక బల్ల, ఒక కిటికీ ఉన్నాయి. ఇంటావిడ చైనీస్ పెద్దావిడ. వంటింట్లో నీళ్ళు కాచుకో, నూడుల్స్ ఉడకబెట్టుకో, నూనె కాగే వంట మాత్రం వద్దని మొదటి రోజే చెప్పేసింది. ఆ విధంగా నా జీవితంలోంచి పోపు పోయింది. పోపు లేని ఇంట్లో మనిషి ఎంత ఒంటరిగా ఉంటుందో నాకు యాభై ఎనిమిదో ఏట తెలిసింది. పొద్దున్నే కాలేజీకి వెళ్ళి ఇరవయ్యేళ్ళ పిల్లలకి నటన నేర్పేదాన్ని. సాయంత్రం హాకర్ సెంటర్‌లో నలుగురు పట్టే బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చుని తినేదాన్ని. ఎవరైనా వచ్చి ఎదుటి కుర్చీ ఖాళీయేనా అని అడిగితే, వాళ్ళు కుర్చీ తీసుకుపోకుండా అందులోనే కూర్చుంటారేమోనని ఆశపడేదాన్ని. తీసుకుపోయేవాళ్ళు.

ఇంగ్లండులో ముప్ఫై ఏళ్ళు జనాన్ని నవ్వించి బతికినదాన్ని. అక్కడ బస్సులో కూడా గుర్తుపట్టేవాళ్ళు. గుర్తుపట్టేది నన్ను కాదు, నేను వేసిన ఆంటీ వేషాన్ని. "ఆ తలుపు దగ్గర మాటలు ఒక్కసారి అనండి" అని అడిగేవాళ్ళు. విసుక్కుంటూనే అనేదాన్ని. సింగపూర్‌లో ఎవరికీ నేనూ తెలియదు, ఆంటీ తెలియదు. మొదట హాయిగా ఉంది. ఆరు నెలలు గడిచేసరికి భయమేసింది.

మా నాన్న డాక్టరు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఉత్తర ఇంగ్లండులో ఒక మిల్లుల ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చి, కాకినాడ నుంచి మమ్మల్ని తీసుకుపోయాడు. మా అమ్మ రెండో కాన్పుకి సాయంగా పిన్ని వచ్చింది. అమ్మకి చెల్లెలు, అప్పటికి ఇరవై రెండేళ్ళు. వచ్చిన పని మూడు నెలలే అయినా రెండేళ్ళు ఉండిపోయింది. తర్వాత సింగపూర్‌లో ఓడల యార్డులో పనిచేసే ఇంజనీరుతో పెళ్ళయి ఇటు వచ్చేసింది. పిల్లలు పుట్టలేదు. నేను ఆవిడకి ఉత్తరాలు రాసేదాన్ని, ఆవిడ వాటిల్లో తప్పులు ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపేది. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ ఎర్ర సిరా చలవే.

నటి కావాలనుకున్నాను. అయ్యాను కూడా. టీవీలో మొదటి ఐదేళ్ళు నేను వెయ్యని రోగి లేదు. ఆసుపత్రి సీరియల్ ఏదైనా సరే, వరండాలో ఏడుస్తూ నిలబడే చీరావిడ నేనే. కొట్లో గల్లా వెనక నిలబడి "ఇంకేమైనా కావాలా" అన్నది నేనే. రెండు మాటలు, ఒక చీర, మధ్యాహ్నం భోజనం. ఒకసారి ఒక హాస్య కార్యక్రమం వాళ్ళు పిలిచి, మీ సొంతంగా ఏదైనా చేసి చూపించండి అన్నారు. నా సొంతంగా ఏముంది? చెప్పు ఒక కాలికి వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, గుమ్మంలో నిలబడి వెళ్ళొస్తాను, వెళ్ళొస్తాను అంటూ అరగంట మాట్లాడే పిన్నిని చేసి చూపించాను. టీ వద్దని మూడుసార్లు చెప్పి, ఇచ్చాక చక్కెర తక్కువైందనే పిన్ని. ప్లాస్టిక్ సంచుల్ని సమోసాల్లా మడిచి దాచే పిన్ని. గదిలో ఉన్న ఆరుగురూ కడుపు పట్టుకుని నవ్వారు.

ఐదేళ్ళు టీవీలో, పాతికేళ్ళు స్టేజీ మీద ఆ ఆంటీయే నాకు అన్నం పెట్టింది. ఊరూరా టౌను హాళ్ళు తిరిగాను. పెళ్ళి ఒకటి ఆ తిరుగుళ్ళలోనే ఎక్కడో జారిపోయింది. తర్వాత అక్కడే పుట్టి పెరిగిన కొత్త పిల్లలు వచ్చారు. నా ఆంటీని చూసి తెల్లవాళ్ళు నవ్వుతున్నది మనల్ని చూసే కదా అన్నారు. వాళ్ళన్నది పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. అప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయింది. పిలుపులు తగ్గాయి. అమ్మ పోయింది. సింగపూర్ కాలేజీ వాళ్ళు రెండేళ్ళకి రమ్మంటే, పిన్ని ఉన్న ఊరు కదా అని పెట్టె సర్దుకున్నాను.

ఇంత చెప్పి అసలు సంగతి దాచకూడదు. నేను ఎవరిని చేసి బతికానో పిన్నికి ఎప్పుడూ చెప్పలేదు. ఉత్తరాల్లో "డ్రామాల్లో వేస్తున్నాను" అని రాసేదాన్ని. "మంచి వేషాలే వస్తున్నాయా?" అని ఆవిడ రాసేది. పరవాలేదు అని రాసేదాన్ని. ఒక మనిషి నడకా మాటా ముప్ఫై ఏళ్ళు అమ్ముకుని, ఆ మనిషికి ఒక్క ముక్క చెప్పకపోవడం ఎంత దొంగతనమో నాకు తెలుసు. చెప్పేస్తే ఈ లోకంలో నాకంటూ మిగిలిన ఒక్క మనిషీ పోతుందేమోనని నోరు మెదపలేదు.

పిన్ని చోవా చూ కాంగ్‌లో పదకొండో అంతస్తులో ఉంటుంది. ఆదివారం ఆదివారం వెళ్ళేదాన్ని. జూరాంగ్ ఈస్ట్‌లో రైలు మారుతుండగానే ఫోను వచ్చేది. "ఏమే, ఎక్కడున్నావే? మకాన్ చెయ్యకుండానే వస్తున్నావు కదా?" మకాన్ అంటే ఇక్కడి మాటల్లో భోజనం. తలుపు తీయగానే పోపు వాసన. యాభై ఏళ్ళుగా ఇక్కడ ఉన్నది కాబట్టి మాటల్లో మలాయ్, తమిళం కలిసిపోయాయి గానీ చేతి వంట మాత్రం గోదావరి దాటలేదు. తిన్నాక సంచీ నిండా డబ్బాలు పెట్టి ఇచ్చేది. బయటి ఇనప గ్రిల్ పట్టుకుని, లిఫ్టు వచ్చి దాని తలుపులు మూసుకునేదాకా మాట్లాడుతూ నిలబడేది. ఆ గుమ్మంలో మాటలు వింటుంటే నాకు లోపల సిగ్గేసేది. ఒక్కో ఆదివారం కొత్త మాట ఒకటి చెవిన పడితే, ఇది స్టేజీ మీద బాగుంటుందే అనిపించి ఇంకా సిగ్గేసేది.

నేను రావడానికి ఏడాది ముందు బాబాయి పోయాడు. పిన్ని నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ ఉండేది ఎప్పుడూ. అది లేకుండా ఆవిడ మొహం మొదటిసారి చూసినప్పుడు ఎవరో అనుకున్నాను. తియ్యమని ఎవరూ చెప్పలేదట, తనే తీసేసింది. శ్రావణ శుక్రవారం ఆవిడ స్నేహితురాళ్ళలో ఒకరింట్లో పేరంటానికి నేనూ వెళ్ళాను. అంతా ఆంటీలే, అంతా మంచివాళ్ళే. బొట్టు పెట్టి జాకెట్టు ముక్కలు ఇచ్చే వేళకి పిన్ని "కాఫీ కలుపుతానుండండి" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ వేళకి ఎవరికీ కాఫీ అక్కర్లేదు. పంపకం అయ్యాక తిరిగి వచ్చింది. మధ్యలో ఎవరూ పిలవలేదు. అందరికీ అదే సుఖంగా ఉంది.

నాకు మా మిల్లుల ఊరు గుర్తొచ్చింది. అక్కడా ఒక శ్రావణ శుక్రవారం అమ్మ ఇద్దరు డాక్టర్ల భార్యల్ని పేరంటానికి పిలిచింది. పక్కింటి ఇంగ్లీషు ముసలావిడ గిన్నె తిరిగి ఇవ్వడానికి అదే సమయానికి వచ్చింది. బొట్టు పెడుతున్నది పిన్ని. వరసగా పెట్టుకుంటూ వచ్చి ఆ ముసలావిడకి కూడా ఇంత కుంకుమ పెట్టి, చేతిలో జాకెట్టు ముక్క పెట్టింది. ఆవిడ భర్త పోయి పదేళ్ళు. వచ్చిన డాక్టరు భార్య మూతి బిగించింది. వంటింట్లో అమ్మ చీవాట్లు పెడుతుంటే పిన్ని అన్న మాట నేను గడప మీద కూర్చుని విన్నాను. "ఇంటికొచ్చిన ఆడమనిషి అక్కా. అందరికీ పెట్టి ఆవిడ్ని దాటి ఎలా వెళ్ళను?" ముసలావిడ ఆ బొట్టుతోనే మర్నాడు కూరగాయల కొట్టుకి వెళ్ళింది. జాకెట్టు ముక్కని టీ కెటిలుకి తొడుగు కుట్టుకుంది.

స్టేజీ మీద నా ప్రదర్శనకి చివరి అంకం అక్కడినుంచే వచ్చింది. ఆంటీ కుంకుమ భరిణె, ఒకే ఒక్క జాకెట్టు ముక్క పట్టుకుని స్టేజీ దిగి, ముందు వరసలో ఆడవాళ్ళందరికీ బొట్టు పెడుతుంది. మొదటావిడకి జాకెట్టు ముక్క ఇస్తుంది. ఆవిడ పక్కావిడకి, ఆ పక్కావిడ ఇంకో ఆవిడకి ఇచ్చుకుంటూ పోయి వరస చివర్నుంచి అది మళ్ళీ ఆంటీ చేతికే వస్తుంది. "అబ్బ, నాకోసం కొత్తది తెచ్చారా!" అని ఆంటీ మురిసిపోతుంది. తెర పడుతుంది. ఇంగ్లండులో ఏ ఊళ్ళోనూ ఇది పండకుండా పోలేదు. ఒకసారి టీవీలో కూడా మొత్తం చూపించారు. అక్కడ ముందు వరసలో ఎవరికి మొగుడున్నాడో ఎవరికి లేడో నేను ఎన్నడూ ఆలోచించలేదు.

రెండో ఏడాది కాలేజీ వాళ్ళు తమ చిన్న హాల్లో ఆ ప్రదర్శన ఒక ఆదివారం మూడు గంటలకి వెయ్యమన్నారు. ఒప్పుకున్నాను. నాకు మళ్ళీ జనం నవ్వు వినాలనుంది, అంతే. పిన్నికి చెప్పలేదు. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో రహస్యం నిలుస్తుందనుకోవడం నా తెలివి. నాలుగో రోజు ఫోను వచ్చింది.

"నువ్వు డ్రామా వేస్తున్నావని నాకు గ్రూపులో తెలియాలా?"

"అంతా ఇంగ్లీషు పిన్నీ. నీకు బోరు కొడుతుంది."

"యాభై ఏళ్ళనుంచి ఈ ఊళ్ళో తెలుగులో బతుకుతున్నానా నేను? నలుగురు ఫ్రెండ్స్‌ని కూడా తెస్తున్నా. సీట్లకి నంబర్లున్నాయా?"

"లేవు, ముందొచ్చినవాళ్ళకి ముందు."

"అయితే నేను చూసుకుంటాలే," అంది.

ఆ రోజు రెండున్నరకి తెర సందులోంచి చూశాను. హాలు ఇంకా ఖాళీగా ఉంది. ముందు వరసలో ఉన్న ఐదు కుర్చీల మీదా ఐదు టిష్యూ ప్యాకెట్లు ఉన్నాయి. ఈ ఊళ్ళో భోజనం బల్ల దగ్గర సీటు చోప్ చెయ్యడానికి అలా పెట్టి వెళ్తారు, ఎవరూ ముట్టుకోరు. నాటకాల హాల్లో చెయ్యగా ఎప్పుడూ చూడలేదు. అవి పిన్నివేనని అర్థమయింది.

మొదటి పది నిమిషాలు ముందు వరస వైపు చూడలేదు. పిన్ని ఎదురుగా పిన్నిలా నడవాలి. చెప్పు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. టీ వద్దన్నాను. సంచులు మడిచాను. నవ్వు మొదలైంది. కాసేపటికి ధైర్యం చేసి ముందు వరస వైపు చూశాను. అందరికంటే పెద్దగా నవ్వుతున్నది పిన్నే. పక్కావిడ తొడ మీద చరుస్తూ నవ్వుతోంది. ఆ నవ్వు చూశాక నాకు రెక్కలొచ్చాయి. ముప్ఫై ఏళ్ళలో అంత బాగా ఎన్నడూ చెయ్యలేదని ఇప్పటికీ చెప్పగలను. పక్కింటి ముసలావిడకి బొట్టు పెట్టే ఘట్టం చేసినప్పుడు పిన్ని నవ్వడం ఆపి, ముందుకి వంగి చూసింది.

చివరి అంకానికి స్టేజీ దిగాను. మొదటి కుర్చీలో పిన్ని స్నేహితురాలు, నుదురు ముందుకి చాచింది. పెట్టి, జాకెట్టు ముక్క ఇచ్చాను. రెండో ఆవిడ హైదరాబాద్ ఆంటీ, తెల్ల హిజాబ్ కట్టుకుని ఉంది. "అరె, నాకు చేతి మీద పెట్టమ్మా," అని నవ్వుతూ చెయ్యి చాపింది. వేలి వెనక చిన్న చుక్క పెట్టాను, హాలంతా చప్పట్లు కొట్టింది. మూడో కుర్చీలో పిన్ని. మొహం కొంచెం పైకెత్తి కూర్చుంది. కళ్ళు మూసుకుని ఉంది.

నా చెయ్యి భరిణెలోంచి లేచింది. అటుపక్క ఇద్దరు, ఇటుపక్క ఇద్దరు పిన్ని స్నేహితురాళ్ళు చూస్తున్నారు. ఏమనుకుంటారో అనుకున్నాను. పిన్నికి ఇబ్బందవుతుందేమో అనుకున్నాను. ఇవన్నీ తర్వాత నేను నాకు చెప్పుకున్నవి. ఆ క్షణంలో ఏమీ అనుకోలేదు, చెయ్యి దానంతటదే దాటి నాలుగో ఆవిడ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆవిడకి పెట్టాను, ఐదో ఆవిడకీ పెట్టాను. జాకెట్టు ముక్క రెండో ఆవిడ చేతిలో ఆగిపోయింది. ఇవ్వాలా వద్దా అని పాపం ఆవిడకి తెలియలేదు. నా నాటకం అక్కడే కూలిపోవాల్సింది. అప్పటికి పిన్ని కళ్ళు తెరిచింది. ఆ ముక్కని ఆవిడ చేతిలోంచి తీసుకుని, నవ్వుతూ నాలుగో ఆవిడ ఒళ్ళో పెట్టింది. అది తిరిగి నా చేతికి వచ్చింది. "అబ్బ, నాకోసం కొత్తది తెచ్చారా!" అన్నాను. హాలు దద్దరిల్లింది.

బయట వరండాలో పిన్ని నా భుజం చుట్టూ చెయ్యేసి అందరికీ చూపించింది. "మా అక్క కూతురు. నాకూ కూతురే."

"అచ్చం మిమ్మల్నే దించేసింది కదండీ!" అంది ఒకావిడ.

"నన్ను కాకపోతే ఇంకెవర్ని? వీళ్ళ బాబాయి టీవీలో వచ్చినవన్నీ లండన్ స్నేహితుడి చేత రికార్డు చేయించి తెప్పించేవారు. క్యాసెట్లు ఇంకా ఉన్నాయి," అంది పిన్ని.

నాకు తల తీసేసినట్టయింది. ముప్ఫై ఏళ్ళు ఆవిడకి తెలుసు. తెలిసీ, మంచి వేషాలే వస్తున్నాయా అని అడుగుతూ వచ్చింది. నేను నోరు తెరిచేలోపల "ఒసేయ్, నాకు రైలుకి టైమైంది," అని వెళ్ళిపోయింది. గుమ్మంలో ఒక్క నిమిషమైనా నిలబడలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఫోను రాలేదు. నేను చేస్తే మోగింది గానీ తియ్యలేదు. ఆ పై ఆదివారం కూడా అంతే. క్లెమెంటి గదిలో మంచం మీద కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను. పరాయి ఊళ్ళలో ఎంతోమంది నుదుటి మీద పెట్టిన బొట్టు, హిజాబ్ ఆంటీకి కూడా ఒక దారి వెతికి పెట్టిన బొట్టు. కొత్త పిల్లలు నన్ను పాతకాలపు మనిషి అన్నప్పుడు ఎంత ఎగిరాను! ఆంటీ పాతకాలపు మనిషి కాదు. ఆవిడ తొమ్మిదేళ్ళ పిల్ల ముందు, చీవాట్లు తింటూ కూడా, ఒక ముసలావిడని దాటి వెళ్ళనన్న మనిషి. పాతకాలం నా చేతిలోనే ఉంది. ఆవిడ నడక నేర్చుకున్నాను, మాట తీరు నేర్చుకున్నాను. ఆ ఒక్కటి నేర్చుకోలేదు.

మూడో ఆదివారం చెప్పకుండానే వెళ్ళాను. పిన్ని తలుపు తీసి "రా," అంది. వంకాయ కూర, చారు పెట్టింది. కాలేజీ ఎలా ఉందని అడిగింది. తిన్నాక నేను లేచి దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చాను. పిన్ని సోఫాలో కూర్చుని సంచులు మడుస్తోంది.

"ఏంటే అది?"

"ఆ రోజు తప్పు చేశాను పిన్నీ."

ఆవిడ మడుస్తున్న సంచి పక్కన పెట్టింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేది.

"ఆ స్టేజీ డ్రామా క్యాసెట్లో చివర నువ్వు దిగొచ్చి అందరికీ బొట్టు పెడతావు కదా. మీ బాబాయి నాతో, ఇది మాత్రం ముమ్మూర్తులా నువ్వేనే అనేవారు. ఆయన పోయాక ఎవరింటికెళ్ళినా నేనే లేచి వంటింట్లోకి పోతున్నాను, నువ్వు చూశావు. బొట్టు పెట్టేది నేనైతే నన్ను దాటి వెళ్ళను. కానీ నన్ను నేను పిలుచుకోలేను కదా. నాటకంలో నువ్వు పెడితే ఎవరూ కాదనరు, నవ్వేస్తారు. నలుగురి ముందూ అయిపోతుంది, తర్వాత ఎవరికీ ఇబ్బంది ఉండదు అనుకున్నాను. అందుకే ఫ్రెండ్స్‌ని తెచ్చాను. అందుకే ఒంటిగంటకే వచ్చి ముందు వరస చోప్ చేశాను."

నేను ఆవిడ ముందు నేల మీద కూర్చున్నాను. భరిణె మూత తీసి వేలు ముంచాను. పిన్ని నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా కాదు.

"ఇక్కడెందుకే ఇప్పుడు? చూసేవాళ్ళు లేరు కదా," అంది.

భరిణె తనే మూసి గూట్లో పెట్టేసింది. సంచీలో డబ్బాలు సర్ది ఇచ్చింది. చారు మూత సరిగ్గా పట్టదు, నిలువుగా పట్టుకెళ్ళమంది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ నేనే మాట్లాడాను. రైలు గురించి, వాన గురించి, కాలేజీ పిల్లల గురించి, ఒక చెప్పు చేత్తో పట్టుకుని ఏదేదో మాట్లాడాను. ఆవిడ ఊ కొట్టింది. వెళ్ళొస్తాను పిన్నీ అన్నాను. సరే అంది.

లిఫ్టు బటను నొక్కి నిలబడ్డాను. అది కింద మూడో అంతస్తులో ఉంది, పైకి రావడానికి టైము పడుతుంది. నాలుగు, ఐదు, ఆరు. ఏడు దగ్గర ఉండగా నా వెనక గ్రిల్ మూసుకున్న చప్పుడయింది.